చెరగనన్న ఏడుపు

"అయిదు గంటల బస్సుకు నేను పోవాల అయ్యోరూ. ఆ లోపల తుడిచెయ్యండి" అని ఆమె నా గది గడపకు అడ్డంగా కూర్చున్నది. గడియారం రెండున్నర చూపుతున్నది. అంత చిన్న పనికి ఇంత వ్యవధి దేనికని మనసులో నవ్వుకొన్నాను.

ఆమెది పులికాటు సరస్సు అంచున ఒక పల్లె. కొన్నేళ్ళ కిందట గాలివానలో ఆమె భర్త పడవ బోల్తాపడింది. మూడవనాటికి శవం తేలింది. బడిలో తెలుగు చెప్పడం మానుకొన్న తరువాత, తీరపు పల్లెలలో స్త్రీలు శోకించే పాటలను సేకరిస్తూ నేను తిరుగుతున్న కాలమది. పెద్దకర్మనాడు ఆమె నీటి వైపు తిరిగి, పోయినవాణ్ణి పిలుస్తూ, నిందిస్తూ, బతిమాలుతూ ఏడ్చిన ఏడుపును ఆసాంతం రికార్డు చేశాను. ఆమె వద్దనలేదు, వద్దనగల స్థితిలోనూ లేదు. ఆ రెండింటికీ నడుమనున్న భేదం ఆనాడు నాకు తోచలేదు.

కొత్త పడవ నీళ్ళలోకి దిగే ముందు, పాత పడవతో పోయినవాని వస్తువులన్నింటినీ సరస్సుకు ఇచ్చివేయడం ఆ ఇంటివారి ఆచారం. తెడ్లు, తలగుడ్డ, వలతాడు, అన్నీ ఇచ్చివేశారట.

"నా ఏడుపొకటి మీ పెట్టెలో ఉండిపోయింది. రేపు తెల్లారి నా కొడుకు కొత్త పడవెక్కతాడు. ఈడ నేను వాళ్ళ నాయన కోసం ఇంకా ఏడస్తా ఉంటే, ఆడ వాడు నీళ్ళమీద ఎట్ట నిలబడతాడు?"

నేను వాదించలేదు. వెంటనే మాట ఇచ్చాను. అంత సులువుగా ఇవ్వగలగడానికి లోపల వేరొక కారణమున్నది. దానిని ఆ సాయంత్రం ఆమె ఎదుటనే ఒప్పుకోవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ పాటలన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో ఉన్నాయి. దానిని కంప్యూటరుకు తగిలించి, ఆమె పల్లె పేరుతో ఉన్న ఫోల్డరును ఎంచుకొని, డిలీట్ నొక్కాను. తెరమీద ఒక పలక నిలిచింది. ఈ ఫోల్డరును మార్చడానికి ఫలానా వారి అనుమతి కావాలని దాని సారాంశం. ఫలానా అన్నచోట మనిషి పేరు లేదు. ఎస్ అనే అక్షరం వెనుక బారెడు అంకెల వరుస ఉన్నది.

మరల నొక్కాను. అదే పలక. తీగ ఊడదీసి మరొక రంధ్రంలో గుచ్చాను. కంప్యూటరును ఆపి మరల నడిపించాను. ఫోల్డరును వదలి అందులోని ఫైళ్ళను ఒక్కొక్కటిగా చెరపబోయాను. ఏ దారిన వెళ్ళినా ఆ అంకెల కావలివాడే ఎదురై, అదే వాక్యాన్ని అదే నిర్లిప్తతతో వినిపించాడు. డిస్కు నాది. గొంతు ఆమెది. మా ఇద్దరి మాటా చెల్లడం లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉన్నా చొక్కా వీపుకు అంటుకొన్నది. లేచి బయటకు పోదామంటే గడపలో ఆమె ఉన్నది.

"మీ పెట్టె మీ మాటే వినదా అయ్యోరూ? మా ఇంట్లో మేకే నయం. తాడు పట్టి గుంజితే కదలతాది" అన్నదామె.

మూడున్నర దాటింది. గత్యంతరం లేక నాయుడుపేటలో కంప్యూటర్ల దుకాణం నడిపే నా పూర్వ విద్యార్థికి ఫోన్ చేశాను. చేతులు రెండూ కీబోర్డు మీద ఉండాలి గనుక స్పీకరు పెట్టాను. కథంతా విని అతడు పెద్దగా నవ్వాడు.

"అయ్యవారూ, ఆ తాళం మీరే వేయించినారు. మరిచిపోయినారా? 'మనవళ్ళు సినిమా పాటలకు చోటు చాలక వీటిని చెరిపేస్తారు, ఎవరి వల్లా కాకుండా కట్టుదిట్టం చెయ్యి' అని నా నెత్తిన కూర్చోలా? చేసినాను. ఎవరి వల్లా అంటే మీ వల్ల గూడా అనే."

"మరి ఆ అంకెలెవరివిరా?"

"మీవే సార్. పాత కంప్యూటర్లో మీ పేరుకు అది నంబరు. ఆ కంప్యూటరు పోయింది గదా. కొత్తదానికి ఆ పాత మీరెవరో తెలవదు."

గడప దగ్గరనుండి నవ్వు వినిపించింది. "బలే పని చేసినారు అయ్యోరూ! ఇంటికి తాళమేసి లోపల మీరే కూచున్నారు."

అతడు చెప్పుతుండగా ఒక్కొక్క మెట్టూ దిగాను. ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, దానిలో అడ్వాన్స్‌డ్ తెరిచాను. పైన ఓనరు అన్నచోట ఆ అంకెలే ఉన్నాయి. పక్కనున్న ఛేంజ్ నొక్కి ఇప్పటి నా పేరు రాశాను. తరువాత, అందరికీ చెరిపే హక్కు నిషిద్ధమని అతడు ఆనాడు రాసిపెట్టిన వరుసను తీసివేసి, నాకు సర్వాధికారం ఇచ్చుకొన్నాను. ఇక తీరిందనుకొని డిలీట్ నొక్కితే పలక మరల లేచింది.

"లోపలుండే వాటికి గూడా ఇదే వర్తించాలని కింద టిక్కు పెట్టినారా?"

పెట్టలేదు. వెలుపలి తలుపు తెరుచుకొన్నది, లోపలి గదులన్నీ మూసే ఉన్నాయి. మొదటినుండి మరల చేశాను. ఈసారి ఆకుపచ్చ గీత ఒకటి తెరమీద మెల్లగా పాకి అంచుకు చేరింది. నాలుగున్నర అయింది.

"ఇప్పుడు షిఫ్టు పట్టుకొని డిలీట్ కొట్టండి, చెత్తబుట్టలో గూడా మిగలదు" అని, అతడు ప్రేమగా ఒక మాట చేర్చాడు. "అయినా దిగులేముంది సార్, బీరువాలో పెన్‌డ్రైవుంది గదా. కాపీ చేసిచ్చినానే!"

నేను స్పీకరు ఆపేలోగా ఆ మాట గడప దాకా పోయింది.

"అదేంది?" అని ఆమె అడిగింది.

ఫోన్ పెట్టేసి చెప్పాను. ఇదే పాట బీరువాలో ఇంకొకచోట ఉన్నదనీ, దానిని చెరిపే ఉద్దేశం నాకు లేదనీ. ఆ శోకంలోని మాటలు ఏ నిఘంటువులోనూ దొరకవని చెప్పబోయాను. మరొక గొంతు అలా పలకదని చెప్పబోయాను. అవన్నీ సత్యాలే. అయినా ఆమె ముఖం చూస్తూ ఒక్కటీ పూర్తి చేయలేకపోయాను.

ఆమె కోపగించుకోలేదు. "మా ఆయనకు తెడ్లు రెండుండె అయ్యోరూ. రెండూ ఇచ్చేసినాము. ఒకటి దాచుకోలా" అన్నది.

లేచి బీరువా తెరిచాను. గడపలోనున్న ఆమె చేతిలో పెన్‌డ్రైవు పెట్టాను. వేలెడు వస్తువు. ఆమె దానిని తిప్పి చూసి, "ఇంతేనా!" అని కొంగున ముడివేసుకొన్నది. పిమ్మట కుర్చీ వెనుకకు వచ్చి నిలుచున్నది. షిఫ్టు పట్టి డిలీట్ నొక్కాను. శాశ్వతంగా చెరపమంటారా అని తెర అడిగింది. అవునన్నాను. ఈసారి ఎవరి అనుమతీ అడగలేదు. ఆమె పల్లె పేరు వరుసలోనుండి తొలగిపోయి, దాని కిందనున్న పల్లె పేరు పైకి జరిగింది.

"ఇంకేడన్నా ఉండాదా?"

"నా చెవులలో ఉన్నదమ్మా."

"దానికి నేనేం చేసేది? పాడబాకండి, అంతే."

అయిదు గంటల బస్సు అందింది. మరునాడు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"పడవ దిగింది అయ్యోరూ. నా కొడుకు తిన్నగా నిలబడినాడు."

ఆమె గొంతు వెనుక నీళ్ళ చప్పుడు, ఎవరివో కేకలు వినవచ్చాయి. కొంగుముడి ఎక్కడ విప్పిందో నేను అడగలేదు. హార్డ్‌డిస్కు ఇంకా బల్లమీదనే ఉన్నది. అందులో మరి కొన్ని పల్లెల పేర్లున్నాయి.