తడి చేత్తో పట్టాల్సిన చేప

నేను చేపలు పడతాను. పట్టిన ప్రతి చేపనూ మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తాను. ఈ మాట చెప్పగానే మా ఆఫీసులో కొందరు నవ్వుతారు, కొందరు జాలిపడతారు. నాకు మాత్రం కాస్త గర్వమే. కాస్తేమిటి, బోలెడు. బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, కుందలహళ్ళిలో ఇల్లు, వీటి గురించి నేనెప్పుడూ ఇంత గొప్పలు చెప్పుకోలేదు.

నాది ఫ్లై ఫిషింగ్. వానపాములూ పిండిముద్దలూ ఎరగా పెట్టను. చిన్న కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి, నీటి మీద వాలే పురుగులా కనిపించేట్టు తయారుచేస్తాను. ఈకలు కోళ్ళ అంగడిలో అడిగి తెచ్చుకుంటాను. దారం మా నాయన ఇస్తాడు. పాత పేటలో మాది నేతగాళ్ళ ఇల్లు. యాభై ఏళ్ళు పట్టుచీరలు నేసి, మోకాళ్ళు మొరాయించాక ఆయన మగ్గం దిగాడు. కొక్కేనికి లోపలివైపు, చేప జారిపోకుండా ఒక చిన్న ఎదురుముల్లు ఉంటుంది. దాన్ని పట్టకారుతో నొక్కి చదును చేసేస్తాను. అప్పుడు కొక్కెం గుచ్చుకున్నంత సులువుగా బయటికి వచ్చేస్తుంది. మరి చేపలు తప్పించుకోవా అని అడుగుతారు. తప్పించుకోనివ్వండి, మీ సొమ్మేం పోయింది?

ఆదివారాలు మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ జాగాలో కొత్తవాళ్ళకు నేర్పుతాను. మారతహళ్ళి నుంచి కూడా వస్తారు. నా పాఠంలో మొదటి మాట ఎప్పుడూ ఒకటే. చేపను ముట్టే ముందు చేతులు తడుపుకోండి. దాని ఒంటి మీది జిగురే దానికి రక్ష. పొడి చెయ్యి తగిలితే అది ఊడిపోతుంది. అప్పటికి ఈదుకుంటూ పోయినా తర్వాత జబ్బుపడి చస్తుంది. ఈ మాట మరిచిపోయినవాళ్ళను నేను ఊరికే వదలను. నా నోటికి జడిసి రావడం మానేసినవాళ్ళూ ఉన్నారు.

పోయిన చలికాలంలో నాయన తానూ నాతో వస్తానన్నాడు.

"పట్టేదంట, ఇడిసేదంట. అదేం పనో నేనూ చూడాల కదమ్మా" అన్నాడు.

కావేరి మీద, చేపను తిరిగి వదలాలనే షరతుతో అనుమతి ఇచ్చే చోటు ఒకటి ఉంది. పొద్దున్నే బయల్దేరి కారులో అక్కడికి తీసుకెళ్ళాను. నేను మోకాలి లోతు నీళ్ళలో దిగాను. ఆయన ఒడ్డున బండ మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. రెండు గంటలు ఏమీ తగల్లేదు. "సుమ్నె, ఊరికే నీళ్ళను కొడతా ఉండావు" అని ఒకసారి ఎగతాళి చేశాడు.

అప్పుడు పడింది మహసీర్. కన్నడంవాళ్ళు బిళి మీను అంటారు. ఒకప్పుడు ఈ నదిలో విరివిగా ఉండేదట, ఇప్పుడు కంటపడటమే అరుదు. దానికోసం నేను ఆరేళ్ళుగా తిరుగుతున్నాను. లాగీ లాగీ అది అలిసిపోయింది, నేనూ అలిసిపోయాను. చివరికి నాయన కూర్చున్న బండ పక్కనే, నీళ్ళలోనే ఉంచి చేతివలలోకి తీసుకున్నాను. మూరెడు పొడవు, ఒళ్ళంతా బంగారు పొలుసులు. కొక్కెం తీసేసి, వలను బండకు ఆనించి, పట్టకారు సంచిలో పెట్టుకోవడానికి అటు తిరిగాను. అంతే.

ఇటు తిరిగేసరికి నాయన తువ్వాలుతో రెండు చేతులూ వేలు వేలునా శుభ్రంగా తుడుచుకుని, చేపను నీళ్ళలోంచి పైకెత్తి గుండెకు హత్తుకుని ఉన్నాడు.

"నాయనా! పొడి చేతులు! దించు, దించు!" అని అరిచాను. అంతటితో ఆగానా? తెలియనప్పుడు ముట్టుకోవడం దేనికన్నాను. చంపడానికే వచ్చావా అని కూడా అన్నాను.

ఆయన గబుక్కున దాన్ని నీళ్ళలోకి దించాడు. ముఖం చిన్నబోయింది.

"పట్టును తడి చేత్తో ముట్టగూడదని మా నాయన నేర్పినాడు" అన్నాడు మెల్లగా. "ఇంత సొగసైన దాన్ని తడి చేత్తో ఎట్ల పట్టుకునేదమ్మా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో అందరికీ మొదటి పాఠం చెప్పేదాన్ని, కన్నతండ్రికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన చేసింది నిర్లక్ష్యం కాదు. ఆయనకు తెలిసిన పెద్ద మర్యాద అదే.

"తప్పు నాది నాయనా, నేను చెప్పలేదు" అన్నాను. చేప వెల్లకిలా తిరిగిపోతోంది. దాని తల ప్రవాహానికి ఎదురుగా ఉండేట్టు పట్టుకున్నాను. నీళ్ళు మొప్పల్లోంచి సాగితేనే దానికి ఊపిరి. చచ్చిపోతుందనే అనుకున్నాను, ఏడుపొచ్చింది.

నాయన పంచె ఎగగట్టి, ఆ మోకాళ్ళతోనే చల్లటి నీళ్ళలోకి దిగాడు. చేతులు రెండూ మణికట్టు దాకా ముంచాడు.

"నువ్వు జరుగు. నీ చేతులు అదురుతా ఉండాయి. ఎట్ల పట్టుకోవాల్నో చెప్పు."

చెప్పాను. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక దగ్గర, బిగించకుండా. ఆయన వంగి అలాగే నిలబడిపోయాడు. ఎంతసేపో నేను చూసుకోలేదు. చేప తిన్నగా తిరిగి నిలదొక్కుకుంది. మొప్పలు కదిలాయి. నేను ఆత్రంగా "ఇంక వదిలెయ్" అన్నాను.

"ఉండు. ఇంకా బలం రాలేదు. పోగు బిగువు తెలిసినట్ల తెలుస్తా ఉండాది."

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది అరుదు. ఆయన చెప్పిందే నిజమని కాసేపటికి తెలిసింది. చేప ఒకసారి తోక ఆడించింది, మళ్ళీ ఊరుకుంది. రెండోసారి ఆడించినప్పుడు ఆయన మొత్తం తడిసిపోయాడు. చేతులు విప్పాడు. అది లోతులోకి వెళ్ళిపోయింది.

తర్వాత అది బతికిందో లేదో నిక్కంగా చెప్పలేను. కానీ ఇన్నేళ్ళలో అంత ఓపికగా చేపను వదిలినవాళ్ళను నేను చూడలేదు, నాతో సహా.

ఒడ్డుకు వచ్చేసరికి ఇంటి నుంచి అమ్మ ఫోన్. చేప దొరికిందా అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా నాయన ఫోన్ లాక్కున్నాడు.

"దొరికె. పట్టింది నీ కూతురు. బతికించింది నేను."

అమ్మ ఏదో అంది.

"తెచ్చేదేముండాది? ఏట్లో ఉండాది!" అన్నాడు, అవతలి గట్టుకు కూడా వినపడేంత గట్టిగా.