రొంపిచెర్లకు చేరిన ప్రార్థన

ఆ రోజుల్లో, అంటే మా నకరికల్లు వైపు ప్రతి చేతిలోకీ ఇంటర్నెట్ కొత్తగా దిగిన రోజుల్లో, ముప్పై దాటినా నన్ను చర్చిలో 'యూత్ లీడర్' అనే పిలిచేవారు (నా జుట్టు అప్పటికే సగం రాజీనామా చేసింది). ఆదివారం ఆరాధనంతా ఫోను పట్టుకుని లైవు పెట్టడం నా పని. కుదురుగా నిలబడలేని జన్మ నాది. నా లైవు చూసి కువైట్‌లో మా బాబాయి కళ్లు తిరిగి పడిపోయాడు.

కష్టం ఉన్నవాళ్లు పాస్టరుగారి చెవిన వేస్తే ఆయన దాన్ని ప్రార్థనలో పెట్టడం మా ఆచారం. మేం ఆయన్ని అయ్యగారంటాం. మంచి మనిషే, కాని కళ్లు మూసుకుంటే ఎదురుగా ఎవరున్నారో గుర్తుండేది కాదు. కూతురు మొగుడితో పడక పుట్టింటికొచ్చేసిందని మా పెద్దమ్మ ఆయనకు రహస్యంగా చెప్పుకుంది. ఆయన మైకులో కన్నీళ్లతో, దేవుడు దారి తప్పకుండా ఇంటి గుర్తులతో సహా విన్నవించారు. రొంపిచెర్లలో ఆ పిల్ల అత్తగారు తాలింపు మాడిపోతున్నా వదలకుండా ఫోన్లో అంతా చూసింది. మధ్యాహ్నానికి ఆటోలో దిగింది, వెనక సగం రొంపిచెర్లతో (నాకైతే మొత్తం ఊరే కనిపించింది).

"మావాడి సంగతి ఊళ్లన్నీ వింటే ఇంక కాపురమేం నిలుస్తది వదినా?" అని గుమ్మంలోనే కూలబడింది.

మరుసటి వారం నుంచి పెద్దమ్మ చర్చికి రాలేదు. ఆమె వెనకే మరికొందరు ఆడవాళ్లూ మానేశారు. ఇదంతా అంత్యదినాల సూచన అని అయ్యగారు తేల్చి, పెద్దమ్మను పిలుచుకు రమ్మని నన్ను పంపారు.

"ఏంది పెద్దమ్మా, దేవుడి మీద అలిగావా?"

"ఆయన మీద నాకేం అలకరా! దేవుడికి చెప్పమంటే రొంపిచెర్లకు చెప్పాడు మీ అయ్యగారు. ఫోను పట్టింది నువ్వేగా? చానా బాగా కనపడిందంటలే. కూర్చో, ఈ చిక్కుళ్లు వొలువు."

పొయ్యి పక్కనే కళ్లు మూసుకుని, కూతురి కోసం నాకు మాత్రమే వినపడేంత మెల్లగా ఏదో అడిగింది. నేను కదలకుండా కూర్చున్నాను. అలా కూర్చున్నానని మా ఇంట్లో చెబితే నమ్మలేదు.

తిరిగి వెళ్లగానే అయ్యగారు ఆత్రంగా, "ఏమందిరా? చెప్పు, ఈ ఆదివారం ప్రార్థనలో పెడదాం" అన్నారు.

"ఏమీ అనలేదండీ" అని ఫోను స్టాండు ఆయన చేతికిచ్చి బయటికొచ్చాను.

తర్వాత ఆ పిల్లా మొగుడూ నర్సరావుపేటలో వేరు కాపురం పెట్టారు. నేను మాత్రం ఇప్పటికీ ఏ చర్చిలోనూ కుదురుకోలేదు. గుమ్మం పక్కన కూర్చుంటాను, మైకు గరగరమనగానే బండి దగ్గరుంటాను. మా చర్చి ఎందుకు మానేశావని అడిగితే మనిషికో కారణం, ఒక్కొక్కటీ తాటిచెట్టంత చేసి చెబుతాను. పెద్దమ్మ ఆ రోజు ఏమడిగిందో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఈ నోటితో అదెలా దాచానా అని తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.