ఆపై శనివారం

మా చర్చిలో స్త్రీల సమాజానికి పదకొండేళ్ళుగా నేనే సెక్రటరీని. నన్నెవరూ ఎన్నుకోలేదు. అంతకు ముందున్నావిడ మోకాళ్ళ ఆపరేషనుకు వెళ్తూ రిజిస్టరు నా చేతిలో పెట్టింది, తిరిగొచ్చాక మళ్ళీ అడగలేదు. ఇప్పుడు నా మోకాళ్ళూ ఆ దారిలోనే ఉన్నాయి గానీ, రిజిస్టరు ఇవ్వబోతే అందరూ చేతులు వెనక్కి పెట్టుకుంటారు. డిసెంబరు వస్తోందంటే అందరికీ సంబరం, నాకు నీరసం. పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మసులు, క్యారల్స్, పిల్లల నాటిక, కేకుల ఆర్డరు, ఎవరి ఇంటికి పాటలకు వెళ్ళలేదో వాళ్ళ అలకలు. పగలు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం ఈ ఉద్యోగం. మొదటి దానికి జీతమైనా వస్తుంది.

రెండేళ్ళ కిందట సరిగ్గా ఆ రోజుల్లోనే తుఫాను వచ్చింది. విజయవాడలో మాకు రెండు రోజుల వాన, ఒక పూట కరెంటు లేకపోవడం, వన్‌టౌన్ సందుల్లో మోకాలి లోతు నీళ్ళు, అంతే. సముద్రం వైపు ఊళ్ళను మాత్రం గట్టిగానే కొట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక, జనం ఇంకా గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా, మా చర్చి ఊడ్చే ఆమె నా దగ్గరికొచ్చి నిలబడింది. పదిహేనేళ్ళుగా చాపలు పరిచి, దులిపి, తుడిచే మనిషి. నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు.

"అమ్మా, మా చెల్లెలి చేను మొత్తం పడిపోయిందంట. కోతకొచ్చిన చేను. నీళ్ళల్లో పడుకుంది" అంది.

ఆ చెల్లెలిది అవనిగడ్డ దాటాక ఒక పల్లె. భర్త రొయ్యల చెరువుల మీద కాపలాకు వెళ్తాడు, ఆమె మూడెకరాలు కౌలుకు చేస్తుంది.

"కోత మిషను బురదలో దిగదు. కూలోళ్ళు దొరకట్లా. ఊరంతా ఒక్కసారే పడిపోతే ఎవరి చేలోకి ఎవరొస్తారమ్మా? కంకుల మీద ఉప్పునీళ్ళు కొట్టారంట. అట్టా కొడితే మొలక రాకుండా ఓ వారం ఆగిద్ది. ఈలోగా కోసి గట్టుకి చేర్చాల."

నేను పర్సు తీయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"డబ్బులొద్దమ్మా, మనుషులు కావాల. ఓ ఇరవై మంది. కొడవలి పట్టటం రాకపోయినా ఫర్లా. వాళ్ళు కోసుకుంటారు, కోసిన పనలు మోసి గట్టు మీదేసే వాళ్ళుంటే చాలు. రెండు రోజులు."

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఆ భూమి గలాయన కూడా తవ్వించేస్తానని మూడేళ్ళుగా అంటున్నాడు. ఈ పంటకు కౌలు గింజలు కొలిచి ఇస్తేనే ఇంకో ఏడు వరికి ఇస్తానన్నాడు. ఇవ్వలేకపోతే పొలం పోయినట్టే. చెరువు తవ్వి ఒకసారి ఉప్పునీళ్ళు పెట్టాక ఆ నేలలో మళ్ళీ వరి పండదు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. మా అమ్మ ఉయ్యూరు దగ్గర పొలాల్లో కూలి చేసింది. తొమ్మిదో తరగతి దాకా సెలవులొస్తే నేనూ వెళ్ళి కోసేదాన్ని, పనలు మోసేదాన్ని. తడిసిన కంకి ఎన్నాళ్ళు ఆగుతుందో నాకొకరు చెప్పక్కర్లేదు. పాపం తెలియక జరిగిందిలే అని ఎవరూ నన్ను వెనకేసుకు రాకూడదనే ఈ మాట చెబుతున్నాను.

వెంటనే లోపలికెళ్ళి మైకు పట్టుకుని విషయం చెప్పాను. నలభై చేతులు లేచాయి. నలభై! నా కళ్ళు చెమర్చాయి. పాస్టరుగారు కూడా సంతోషించారు.

"సిస్టర్ గారూ, దేవుడు మీకు మంచి భారం ఇచ్చాడు. ప్రార్థన చేద్దాం. బుధవారం కమిటీలో పెడదాం" అన్నారు.

అప్పుడే అనాల్సింది, బుధవారం దేనికండీ, రేపు పొద్దున బయల్దేరతాం అని. అనలేదు. సోమవారం పొద్దున చర్చి ఊడ్చే ఆమె తాళాలు నాకిచ్చి చెల్లెలి ఊరు వెళ్ళిపోయింది. అదే సాయంత్రం వాట్సాప్ గ్రూపు పెట్టాను. మర్నాటికల్లా అందులో నూట పది దండాల బొమ్మలు, ఎనిమిది బైబిలు వాక్యాలు, ఎవరో పొరపాటున పంపిన కిచెన్ సామాను ప్రకటన. ఎవరెవరు ఏ రోజు ఖాళీ అని అడిగిన నా మెసేజి మాత్రం ఎక్కడో పైన ఉండిపోయింది.

బుధవారం కమిటీ రెండున్నర గంటలు నడిచింది. ఆ ఊళ్ళో మన చర్చి ఉందా, లేకపోతే ఎవరి ద్వారా వెళ్ళాలి అని ఒక పెద్దాయన. ఉత్త చేతులతో వెళ్తే ఏం బాగుంటుంది, బియ్యం ప్యాకెట్లు కట్టించాలని ఇంకొకరు. బ్యానరు మీద సంఘం పేరు పైన ఉండాలా, వాక్యం పైన ఉండాలా అని ఒక ఇరవై నిమిషాలు. యూత్ వాళ్ళకు ఒకే రంగు టీషర్టులు. పాస్టరమ్మగారు బురదలో పాములుంటాయి, అందరికీ బూట్లు కొనాలన్నారు. మధ్యాహ్నానికి పులిహోరా, వెజ్ బిర్యానీయా అన్నది నా నెత్తిన వేశారు. తల ప్రాణం తోకకొచ్చింది.

"వరి వారమే ఆగుతుందండీ" అన్నాను మధ్యలో.

"అవునవును, త్వరగా వెళ్ళాలి" అన్నారందరూ, మళ్ళీ బ్యానరు దగ్గరికెళ్ళారు.

సంఘ పెద్దల్లో ఒకాయనకు స్కూలుంది. బస్సు ఆయన ఇస్తానన్నారు. గురు, శుక్రవారాలు బస్సు ఖాళీ లేదు. శనివారం ఖాళీయే గానీ, ఆ రోజు మా చర్చి సెమీ క్రిస్మస్. ఆదివారం ఎలాగూ కుదరదు. ఆ తర్వాత వారమంతా సాయంత్రాలు క్యారల్స్, పగలు అందరికీ ఆఫీసులు, పిల్లలకు పరీక్షలు. చివరికి ఆపై శనివారం అని తేల్చారు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, ఇంకా పది రోజులు. లెక్కపెట్టుకుని, మినిట్స్ పుస్తకంలో నా చేత్తోనే తేదీ రాశాను.

గురువారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా చర్చి ఊడ్చే ఆమె ఫోన్ చేసింది. చేలో నుంచే చేసింది, గాలి మోత వినబడుతోంది.

"ఎప్పుడొస్తున్నారమ్మా?"

ఆపై శనివారం అని చెప్పడానికి నోరు రాలేదు. ఏదో బస్సు సంగతి, కమిటీ సంగతి నసిగాను. ఆమె వింది.

"ఇరవై మంది కాకపోయినా ఫర్లేదమ్మా. ఓ ఆరుగురు వచ్చినా చాలు. నేనూ చెల్లెలూ కోస్తానే ఉన్నాం. మోసేవాళ్ళు లేక కోసింది కోసినట్టు నీళ్ళల్లోనే పడుంటంది. రేపు పొద్దున బస్సెక్కితే అవనిగడ్డ బస్టాండులో నేనుంటా."

ఆరుగురు ఉన్నారు. అదే నన్ను ఇప్పటికీ పీకుతున్న విషయం. మా స్త్రీల సమాజంలో పని అనగానే కొంగు బిగించే వాళ్ళు సరిగ్గా ఆరుగురే. పదకొండేళ్ళుగా నేను నెట్టుకొస్తున్నది వాళ్ళతోనే. ఆ సాయంత్రం వాళ్ళతో మాట్లాడాను. ఒకామె టైలరు, ఒకామె ఆసుపత్రిలో ఆయా, మిగతా వాళ్ళు ఇళ్ళల్లోనే ఉంటారు.

"మనకెందుకక్కా స్కూలు బస్సు, పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కి పోదాం. రెండు చీరలు సంచీలో పెట్టుకుంటే సరి" అంది టైలరు.

మిగతా అయిదుగురూ సరేనన్నారు.

నేనే వద్దన్నాను. విడివిడిగా వెళ్తే కమిటీ వాళ్ళు నొచ్చుకుంటారన్నాను, అది సగం నిజం. అసలు నిజం వేరే. శనివారం సెమీ క్రిస్మస్‌కు మూడొందల మందికి భోజనాలు. కుర్చీలు వేసేదీ, ఉల్లిపాయలు తరిగేదీ, వడ్డించేదీ, చివర్న గిన్నెలు తోమించేదీ ఆ ఆరుగురే. వాళ్ళు శుక్రవారం పొలానికి వెళ్ళిపోతే శనివారం ఆ పనంతా నా ఒక్కదాని మీద పడుతుంది. అప్పటికే మోకాళ్ళు వాచి ఉన్నాయి, కాలేజీలో ఫీజుల హడావుడి, మూడు వారాలుగా సరిగ్గా పడుకోలేదు. ఇంకో మాట మోసే ఓపిక లేక, "అందరం కలిసే వెళ్దాంలే" అనేశాను. టైలరు నా మొహం వంక ఒకసారి చూసి, "సరే అక్కా, మీ ఇష్టం" అంది.

సెమీ క్రిస్మస్ బ్రహ్మాండంగా జరిగింది. బిర్యానీ చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

ఆదివారం ఆమె మళ్ళీ ఫోన్ చేసింది, నేను ఎత్తలేదు. సోమవారం చేసింది, వచ్చే శనివారం తప్పకుండా వస్తున్నామని చెప్పాను. "సరేనమ్మా" అంది. తర్వాత చేయలేదు. ఆ ఫోన్లు ఆగిపోవడం నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ హాయిగానే అనిపించింది. ఎవరో సాయానికి దొరికి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ శనివారం పొద్దున ఆరింటికి బస్సన్నారు, ఏడున్నరకు కదిలింది. బ్యానరు తెచ్చే అబ్బాయి బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కుతానన్నాడు, అక్కడ ఇంకో అరగంట. చేతులెత్తిన నలభై మందిలో ముప్పై ఒక్క మంది వచ్చారు, మా లెక్కన అది గొప్పే. నీలం టీషర్టులు, కొత్త బూట్లు. కంకిపాడు దాటేసరికి పాటలందుకున్నారు. నా ఆరుగురూ వెనక సీట్లలో పులిహోర గిన్నెలు దొర్లకుండా కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు పాడలేదు.

అవనిగడ్డ దాటి పల్లె దారి పట్టాక, నా ముందు సీట్లో ఉన్న కాలేజీ అమ్మాయి కిటికీలోంచి ఫోను బయటపెట్టి వీడియో తీస్తూ వెనక్కి తిరిగింది.

"ఆంటీ, తుఫానుకు అంతా పోయిందన్నారు. ఎంత పచ్చగా ఉందో చూడండి!"

చూశాను. డిసెంబరులో కోతకొచ్చిన చేను పచ్చగా ఉండదు. నేలకు అంటుకుపోయిన వరి మీద, ప్రతి కంకికీ, ప్రతి గింజకూ మొలక లేచి, చేను చేనంతా లేత పచ్చగా మెరుస్తోంది. నారుమడి అంత అందంగా ఉంది. వెనక సీట్లో టైలరు కిటికీ అద్దం మూసేసింది.

చెల్లెలు మా కోసం గట్టు మీద నిలబడి ఉంది. నలభై ఏళ్ళ లోపే ఉంటుంది, చీర మీద భర్త చొక్కా తొడుక్కుంది. మా చర్చి ఊడ్చే ఆమె చెల్లెలి వెనకే ఉంది గానీ నా వైపు చూడలేదు. చేలో దిగువన మురిగిన గడ్డి వాసన. గట్టు మీద ఓ పాతిక పనలు మాత్రం విడిగా, ఎండి, పచ్చిమొలక లేకుండా ఉన్నాయి. ఇద్దరాడవాళ్ళు కోసి, తామే మోసుకుని దక్కించుకున్నది అంత.

బ్యానరు విప్పారు. బియ్యం ప్యాకెట్టు ఆమె చేతికిచ్చి ఫోటో తీశారు. పాస్టరుగారు మంచి ప్రార్థన చేశారు, ఆయన గొంతు వణికింది కూడా. ఆయన మంచివారే. మాలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, అదే వింత. ప్రార్థన అయ్యాక ముప్పై ఒక్క మందీ కొత్త బూట్లతో నిలబడి, ఏం పని చెయ్యమంటారని అడిగారు. చెల్లెలు ఇబ్బంది పడింది. ఇంత దూరం వచ్చిన వాళ్ళను ఉత్తినే పంపడం ఎలా అని ఆలోచిస్తోందని మొహం చూస్తే తెలుస్తోంది.

"ఈ గడ్డి కోసి పెడితే గేదెలకైనా పనికొచ్చిద్దండి" అంది చివరికి.

భూమి గలాయన సంగతేమిటని నెమ్మదిగా అడిగాను.

"మొన్న వచ్చి చూసి పోయాడండి. జనవరిలో చెరువు తవ్వటానికి పొక్లెయినొచ్చిద్దంట" అంది, వేరే ఎవరి పొలం గురించో చెబుతున్నట్టు.

ఇంకేం అడగను? బూట్లు తీసి గట్టున పెట్టి, కొడవలి ఒకటి తీసుకుని చేలో దిగాను. మోకాళ్ళు వంగనన్నాయి, వంచాను. ముప్పై తొమ్మిదేళ్ళు దాటింది కొడవలి పట్టి, అయినా చేతికి గుర్తే ఉంది. దుబ్బు పట్టుకోవడం, కోయడం, పక్కన పడేయడం, మళ్ళీ పట్టుకోవడం. తలెత్తకుండా, చెమట తుడుచుకోకుండా, ఎవరో తరుముతున్నట్టు కోశాను. మునివేళ్ళకు మొలకలు మెత్తగా తగులుతున్నాయి. పక్క సాలులో చెల్లెలు కోస్తోంది. కాసేపు నన్నే గమనించినట్టుంది, లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"మెల్లిగా కొయ్యండమ్మా, చెయ్యి తెగుద్ది. ఇప్పుడు తొందరేం లేదుగా."

ఎత్తిపొడుపేమో అని ఆమె మొహంలోకి చూశాను. ఉంటే బాగుండుననిపించింది. లేదు. ఆమె నిజంగా నా చెయ్యి గురించే చెప్పింది.