మా సైన్సు సారూ, మొలవని వడ్లూ

సైన్సు సారు పోయారన్న కబురు నాకు మిర్యాలగూడ బస్టాండులో తెలిసింది. కోదాడ బస్సు దిగిన పాత క్లాస్‌మేట్ ఒకతను నన్ను చూసి, చేతిలో సంచి కింద పెట్టకుండానే, "మన సారు ఇగ లేడు" అన్నాడు. పొద్దున పాఠం చెప్పడానికి తయారవుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే కూలబడిపోయారట. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదట.

ముందు నాకు ఏడుపు రాలేదు. మా పాత వైస్ ప్రిన్సిపాల్ ముఖం కళ్ళ ముందుకొచ్చింది. ఆయన బతికే ఉన్నాడు. పింఛను తీసుకుంటూ, సాయంత్రాలు ఇస్త్రీ పంచె కట్టుకుని షికారు వెళుతూ, నిక్షేపంగా ఉన్నాడు. పోయినవారి గురించి రాసేటప్పుడు ఇలాంటి మాటతో మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ మా సారు గురించి ఆ మనిషిని పక్కన పెట్టి రాస్తే అది అబద్ధమవుతుంది. అబద్ధం సారుకు నచ్చదు.

నేను సూర్యాపేటలో మా పిన్ని ఇంట్లో ఉండి బి.ఏ. చదివాను. అప్పట్లో బి.ఏ., బి.కాం. వాళ్ళు కూడా జనరల్ ఎడ్యుకేషన్ కింద ప్రకృతి శాస్త్రం చదవాలి. చరిత్ర చదివేవాడికి కూడా తాను తాగే నీళ్ళ గురించి, తినే గింజ గురించి తెలిసుండాలని దాని ఉద్దేశం. పాఠం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ జరిగేది. పరీక్ష ఏ భాషలోనైనా రాయవచ్చు. రెండు భాషల్లో చెప్పగలిగినవారు మా కాలేజీలో ఒక్క సారే. ఆయనదీ పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏ ఏటికాయేడు ఆర్డరు రావలసిందే.

చిలుకూరు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గడియారం ముఖం మణికట్టు లోపలికి తిప్పి పెట్టుకునేవారు. టీ సాసర్‌లో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవారు. క్లాసుకు పుస్తకం తెచ్చేవారు కాదు, గుడ్డసంచీ తెచ్చేవారు. అందులో ఒకరోజు కప్ప, ఒకరోజు చెరువు మట్టి. ఒకరోజు మటన్ కొట్టు నుంచి గొర్రె కార్జం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆడపిల్లలం కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నాం.

"ముక్కులు తర్వాత మూసుకోండమ్మా, ముందు కళ్ళు తెరవండి," అన్నారు సారు.

నడిగూడెం నుంచి వచ్చే ఒకతను లేచాడు. వాళ్ళింట్లో గొర్రెల మంద ఉంది. మా బ్యాచిలో అందరికంటే తెలివైనవాడు అతనే. కానీ అంతవరకూ క్లాసులో నోరు విప్పి ఎరగడు. "సార్, ఇది జలగ పట్టిన కార్జం. కాలువ నీళ్ళు నిలిచిన కాడ మేసిన గొర్రెకు వస్తది. గదవ కింద, గొంతు కాడ నీరు దిగుతది. ఇగ బతుకది."

"ఎందుకు బతకదు?"

"నీళ్ళల్ల ఏందో ఉంటది సార్."

"ఆ ఏందో ఏమిటో తెలుసుకోవడానికే మనం ఇక్కడ కూర్చున్నది," అని సారు ఆ కార్జాన్ని కోసి, ఆకులా చదునుగా ఉన్న పురుగును బయటికి తీశారు. అది నీళ్ళలోని నత్తలో ఎలా పెరుగుతుందో, అక్కడి నుంచి గడ్డి మీదికి ఎలా చేరుతుందో తెలుగులో చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మాయ్, ఇప్పుడు అతను చెప్పిందీ నేను చెప్పిందీ ఇంగ్లీషులో చెప్పు. ఒక్క సంగతి తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు."

అది ఆయన పద్ధతి. ఒకరు ఒక భాషలో చెబితే, ఇంకొకరు అదే సంగతిని రెండో భాషలో చెప్పాలి. ముందు చెప్పినవాడు సరే అంటేనే కూర్చోవాలి. తడబడి సారు ముఖంలోకి చూస్తే కసిరేవారు. "నా మూతి వైపు కాదు, వస్తువు వైపు చూడు. మాట అందులోంచే వస్తది." అలా నడిగూడెం అతనికి ఇంగ్లీషు వచ్చింది. నాకు గొర్రెల సంగతి తెలిసింది. ఇద్దరం ఎవరికీ తీసిపోమన్న ధైర్యం కూడా వచ్చింది.

ఆ ధైర్యమే వైస్ ప్రిన్సిపాల్‌కు గిట్టలేదు. ఆయన ఫిజిక్స్ చెప్పేవాడు, ఇంగ్లీషులో మాత్రమే. సైన్సును తెలుగులో చెబితే దాని పరువు పోతుందని ఆయన నమ్మకం. స్టాఫ్ రూములో అందరి ముందూ, "ఏమయ్యా, ఇవాళ గొర్రెల కాపర్లకు ఏం పాఠం?" అని అడిగేవాడట. సారు సాసర్‌లోని టీని చూస్తూ కూర్చునేవారట.

యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తోందని తెలిసింది. రెండు భాషల కోర్సు నడపాలా, తీసెయ్యాలా అన్నది వాళ్ళు చూసి చెబుతారు. సారు ఆర్డరు కూడా ఆ మాట మీదే ఆధారపడి ఉంది. గింజ మొలకెత్తడం చూపిస్తానన్నారు సారు. నిడమనూరు రైతు దగ్గర విత్తనం వడ్లు తెస్తానని బస్సు టైము కూడా కనుక్కున్నారు. వైస్ ప్రిన్సిపాల్ అడ్డం పడ్డాడు. కమిటీ ముందు పెట్టే వస్తువు చూడముచ్చటగా ఉండాలని, వడ్లు తానే తెస్తానని బయలుదేరి, మిర్యాలగూడలో మా రైస్ మిల్లుకే వచ్చాడు.

సెలవులకు వచ్చి నేను ఇంట్లోనే ఉన్నాను. మిల్లు ముందు కళ్ళంలో వడ్లు ఎండుతున్నాయి. అన్నీ ఒకే తీరుగా, పసుపుగా, నిగనిగలాడుతున్నాయి. అవి ఉప్పుడు బియ్యానికని నానబెట్టి, ఆవిరి పట్టి ఆరబోసినవి. మా ఊళ్ళో బడికి పోని పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. ఆయన వాటినే చూపించి ఒక సంచి నింపమన్నాడు.

మా నాన్న చేతులు కట్టుకుని చెప్పారు. "సార్, ఇవి ఉడకేసిన వడ్లు. బియ్యం ఆడిచ్చుకోనికే గానీ మొలవయి. జర రెండు దినాలు ఆగుండ్రి, మంచి విత్తనం తెప్పిస్త."

"గింజ అంటే గింజే కదయ్యా సేట్! సైన్సు నాకు నువ్వు చెబుతావా?" అని సంచి జీపులో వేయించుకుని వెళ్ళిపోయాడు.

సంచి కాలేజీకి చేరగానే సారు అందులోంచి ఒక గింజ నోట్లో వేసుకుని కొరికారు. అది గాజు ముక్కలా పటుక్కున విరిగింది. ఆయనకు అర్థమైంది. వెళ్ళి చెప్పారు. చెప్పినందుకు తిట్లు తిన్నారు. తన చేత్తో తెచ్చిన సంచి పనికిరానిదని ఒప్పుకుంటే వైస్ ప్రిన్సిపాల్ ఏమైపోతాడు? సారు గొడవ పడలేదు. తాను నిడమనూరు వెళ్ళి పిడికెడు విత్తనం తెచ్చి, ఒక పళ్ళెంలో తడిగుడ్డ మీద వేసి కిటికీ దగ్గర పెట్టుకున్నారు. తెల్లటి మొలకలు వచ్చాయి. మేమంతా చూశాం. కమిటీ వచ్చే రోజు పొద్దున గది శుభ్రం చేయమన్న వంకతో వైస్ ప్రిన్సిపాల్ ఆ పళ్ళేన్ని బయట పారబోయించాడు. బల్ల మీద మిగిలినవి ఆయన తెచ్చి నానబెట్టించిన వడ్లు. ఉబ్బి, బూజు పట్టి, పులిసిన వాసన కొడుతున్నాయి.

కమిటీ వాళ్ళు మా క్లాసులోకి వస్తూనే జేబురుమాళ్ళు తీశారు. "ఇవెందుకు మొలవలేదు?" అని ఒకాయన ఇంగ్లీషులో అడిగాడు. సారు నోరు తెరిచేలోపే వైస్ ప్రిన్సిపాల్ అందుకుని, "నేను చెబుతాను సార్, తెలుగులో సైన్సు చెబితే గింజ కూడా మొలవదు," అన్నాడు. అందరూ నవ్వారు.

నేను లేచాను. "అవి ఉడకబెట్టిన వడ్లు సార్!" అన్నాను.

"ఇంగ్లీష్ ప్లీజ్," అన్నాడు వైస్ ప్రిన్సిపాల్.

"బాయిల్డ్ పాడీ, సార్."

హైదరాబాదులో పచ్చి బియ్యం తినే పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వడ్లను ఉడకబెడతారని వాళ్ళు ఎన్నడూ వినలేదు. వైస్ ప్రిన్సిపాల్‌కు మాత్రం బాగా తెలుసు. మా నాన్న ఆయన ముఖం మీదే చెప్పారు. అయినా పొట్ట పట్టుకుని నవ్వుతూ, "వీళ్ళ సారు గింజల్ని ఉడకబెట్టి మొలకెత్తించబోయాడట!" అన్నాడు. కమిటీ ఆ మాటను రాసుకుంది. సారు నల్లబల్ల తుడిచే గుడ్డను చేతిలో మడుస్తూ నిలబడ్డారు.

తెలుగు తీసేశారు. సారుకు ఆర్డరు రాలేదు. మరుసటి ఏడు మా వాళ్ళు సైన్సు పేపరును ఇంగ్లీషులోనే రాయవలసి వచ్చింది. బయట నుంచి తెచ్చిన కొత్త లెక్చరర్ మాట ఒక్కటీ అర్థంకాక నడిగూడెం అతను డిగ్రీ మధ్యలో వదిలి గొర్రెల దగ్గరికే వెళ్ళిపోయాడు. ఆ బుర్రను అలా పారబోశారు. వైస్ ప్రిన్సిపాల్ మాత్రం ప్రిన్సిపాల్ అయ్యాడు.

సారు కోదాడలో కిరాయి గదుల్లో ట్యుటోరియల్ పెట్టుకున్నారు. అక్కడా గుడ్డసంచీయే, అక్కడా రెండు భాషలే. నేను చూడ్డానికి వెళితే వాళ్ళావిడ సాసర్లలోనే టీ ఇచ్చింది. "సారూ, మీరు ఆయన్ని క్షమించేశారా?" అని అడిగాను. పెద్ద మనసు మాట ఏదో చెబుతారని భయపడ్డాను.

"క్షమించడమేంటమ్మాయ్? రోజూ పొద్దున్నే ఒకసారి తలుచుకుంటా, మర్చిపోతానేమోనని. వాడి నోటితోనే నిజం చెప్పించాలి, అదీ పదిమందిలో," అన్నారు. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా సారు దేవుడు కాదు, నాలాంటి మనిషే.

సంతాపసభ కోదాడలోనే పెట్టారు. పాత విద్యార్థులం చాలామందిమి వచ్చాం. పిలవకుండానే ఆ పాత వైస్ ప్రిన్సిపాల్ కూడా వచ్చాడు, పూలదండతో. పెద్దమనిషి కదా అని ఎవరో మైకు ఇచ్చారు. "నా కుడిభుజం పోయింది. సైన్సును రెండు భాషల్లో చెప్పమని వాడిని ప్రోత్సహించిందే నేను," అని మొదలుపెట్టాడు. నా చెవులు మండాయి. లేవబోయాను. నాకంటే ముందే మొదటి వరసలోంచి సారు వాళ్ళావిడ లేచింది.

ఆమె బడికి వెళ్ళిన మనిషి కాదు. గొంతు కూడా పెంచలేదు.

"అయ్యా, ఒక సంగతి అడుగుతా. ఆరోజు మీ కాలేజీలో వడ్లు మొలవలేదంట కదా. ఎందుకు మొలవలేదో నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి."

"అది... అదొక టెక్నికల్ మ్యాటరమ్మా."

"ఆయనైతే నాక్కూడా చెప్పేవారండీ. మీరు ఆయనకే నేర్పినోరు కదా. చెప్పండి."

హాలంతా ఆయన వైపు తిరిగింది. నడిగూడెం అతను గోడ దగ్గర కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాతో వచ్చిన మా నాన్న మూడో వరసలో కూర్చుని, రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తున్నారు. ఆయన మా నాన్నను చూశాడు. దండను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అవి ఉడకబెట్టిన వడ్లు," అన్నాడు. మైకు ఆ మాటను రోడ్డు దాకా వినిపించింది.

"ఎవరు తెచ్చారు?"

ఆయన మైకును కాస్త పక్కకు జరిపాడు.

"నేనే."

"ఆయన మొలిపించిన పళ్ళెం ఎవరు పారబోయించారు?"

"నేనే."

ఆమె తల ఊపింది. తన కుర్చీలో కూర్చుంది, ఆయన్ని మాత్రం కూర్చోమనలేదు. అంత వయసు మనిషి, దండ చేత్తో పట్టుకుని, అందరి ముందూ అలాగే నిలబడి ఉన్నాడు.