ఒక్క మొగ్గ ఉంచాను

మామిడి అంటుకు మొదటి పూత ఉంచేవాడు దద్దమ్మ. ఇది నేను పుస్తకంలో చదివిన మాట కాదు. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక, బడి వరండాలో పెద్దవాళ్లకు పెట్టిన సాయంత్రం క్లాసులో. రెడ్డిగూడెం వైపు తోటలకు కూలికి పోయే రోజుల్లో లేత అంటుల పూత గిల్లడం మా ఆడవాళ్ల పని. నాటిన మొదటి మూడేళ్లూ పూత కనబడితే తీసేయాల్సిందే. లేకపోతే మొక్క సత్తువంతా కాయలకే పోతుంది, వేరు దిగదు, కొమ్మ సాగదు. బొటనవేలి గోరుతో టక్కున గిల్లి, కింద పారేసి, పక్క మొక్కకు పోయేదాన్ని. ఒక్కదాని మీదా జాలి పడింది లేదు.

అలాంటిదాన్ని, ఈ ఏడు ఒక పూలకాడ ముందు నిలబడి చేతులు నలుపుకున్నాను.

పోయిన వేసవిలో ఈదురుగాలికి, మా ఆయన కాపలా ఉండే తోటలో ముసలి మామిడి కొమ్మ ఒకటి విరిగిపడింది. దాని మీద బదనిక ఉంది. చెట్టును పట్టుకుని పెరిగేదాన్నల్లా మా వైపు బదనికే అంటాం. చెట్టు రసం తాగేస్తుందని కత్తితో గీకి పారేస్తారు. కొమ్మను కట్టెలకు నరుకుతుంటే నేను దాన్ని ఊడదీసి సంచిలో వేసుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను? దాని వేళ్లు తెల్లగా, లావుగా గాలిలో వేలాడుతున్నాయి. మట్టే ఎరగని వేళ్లు! పారేయబుద్ధి కాలేదు.

తిరువూరులో ఇంటికొచ్చాక మనవరాలికి ఫోనులో చూపించాను. ఆ పిల్ల విజయవాడలో పూలమొక్కల నర్సరీలో పనిచేస్తుంది.

"అమ్మమ్మా, అది ఆర్కిడ్! మేం కుండీల్లో పెట్టి అమ్మేవాటికి చుట్టం. అది చెట్టు రసం తాగదు. ఊరికే చెట్టును పట్టుకుని కూర్చుంటుంది, అంతే."

"మీ తాతయ్యలాగానా?"

పక్క మంచం మీదున్న మా ఆయన వినబడనట్టు గోడ వైపు తిరిగాడు.

ఆ పిల్ల చెప్పినట్టే కొబ్బరి పీచు ముక్కకు కట్టి, వంటింటి వెనక చూరుకు వేలాడదీశాను. రోజూ పొద్దున్నే నీళ్లు చిలకరించాను. అయినా అది నీరసించిపోయింది. వేళ్లు ఒక్కొక్కటే ఎండి పురికొసల్లా అయ్యాయి. చివరికి రెండే మిగిలాయి, కొసన కాస్త పచ్చదనంతో. ఆకులు ముడతలు పడి నడిమికి మడుచుకున్నాయి. ఇది పోయే సరుకే అనుకున్నాను.

ఈ ఏడు మామిడి పిందె పట్టే రోజుల్లో, నీళ్లు చల్లబోయి చూస్తే, ఆకు సందులోంచి సన్నటి కాడ బయటికొచ్చింది. దాని నిండా మొగ్గలు! నేను వేసిన కేకకు మా ఆయన కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏదే? ఎటు పోయింది?"

"పాము కాదయ్యా, పూత! బదనికకు పూతొచ్చింది!"

తోటల్లో అన్నేళ్లు తిరిగినా నేనా పువ్వును దగ్గరగా చూసింది లేదు. చెట్టెక్కేది మగవాళ్లు, కింద ఏరేది మేం. ఇప్పుడది నా ఇంటి చూరుకు, నా కళ్లకు ఎదురుగా పూయబోతోంది. ఆ వారమంతా నాకు కూర మాడినా తెలియలేదు.

ఆదివారం మనవరాలు బస్సు దిగి వచ్చింది. మొక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిల్లెయ్ అమ్మమ్మా."

"ఏంటే అంత తేలిగ్గా అనేశావు?"

"రెండు వేళ్ల మీద బతుకుతోంది. పూసిందంటే ఉన్న కాస్త ఓపికా పూలకే పోతుంది, మొక్క చచ్చిపోతుంది. ఇప్పుడు గిల్లితే బతకొచ్చు. బతికితే వచ్చే ఏడు పూస్తుంది."

ఒక్క ముక్క కూడా తప్పు కాదు. నేను మామిడికి చేసిందీ అదే. కానీ మామిడి తోట ఎవరిదో, కాయ ఎవరిదో. ఇది నాది.

"వచ్చే ఏటికి నేనుండొద్దూ?" అన్నాను.

"నువ్వెక్కడికి పోతావే?" అన్నాడు మా ఆయన. "నిన్ను తీసుకుపోవడానికి యముడికి మాత్రం ప్రాణం మీద తీపి ఉండదా? పూయనీ. నేనూ చూస్తా."

"తాతయ్యా, నువ్వు ఎగదోయకు!"

"ఒక్కటి ఉంచితే?" అన్నాను మనవరాలితో.

ఆ పిల్ల ఆ రెండు వేళ్లనూ మళ్లీ తడిమి చూసింది. "ఒక్కటైనా బరువే. అది విచ్చుకోగానే, ఒక్కరోజు చూసి, కాడ కోసెయ్యాలి. అప్పటికీ బతుకుతుందని నేను మాటివ్వలేను."

అడుగు మొగ్గ ఒక్కటి వదిలి పైవన్నీ గిల్లేశాను. గోరు అలవాటు మరిచిపోలేదు.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. తెల్లారితే చూరు కిందే. మొగ్గ ఉబ్బుతోంది, రంగు తిరుగుతోంది. అంతలో ఒక వేరు కొస నల్లబడింది. గిల్లబోయి మొగ్గను చేతివేళ్ల మధ్య పట్టుకున్నాను కూడా. బియ్యపు గింజంత ఉన్నది చిక్కుడుగింజంత అయింది. రేపో ఎల్లుండో విచ్చుతుంది. వదిలేశాను. మొక్క పోతే ఆ పాపం నాదేనని పైకే చెప్పుకున్నాను.

విచ్చింది! పసుపూ ఆకుపచ్చా కలిసిన రేకలు, వాటి నిండా గోధుమరంగు గళ్లు, అచ్చం మా ఆయన లుంగీ. నడుమ సిరా ఒలికినట్టు ఊదారంగు నాలుక. వెనక్కి తిప్పి చూస్తే పాలతెలుపు. ముక్కు దగ్గరికి తీసుకుంటే వాసన! ఇంత ఎండుమొక్కలో ఆ తీపి వాసన ఎక్కడ దాగిందో. నేను గెంతినంత పని చేశాను. వీధిలో వాళ్లను పిలిచాను. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

మర్నాడు పొద్దున్నే కత్తెర తెచ్చాను.

ఆయన అడ్డం వచ్చాడు. "ఏమే, నిన్ననే కదా విచ్చింది. ఇంకో రెండ్రోజులు ఉంచవే."

"పిల్ల ఒక్కరోజే అంది."

"ఆ పిల్లకేం తెలుసు? ఎంత బాగుందో చూడు."

"బాగుంది కాబట్టే కోస్తున్నా. ఇంకోపూట ఉంచానంటే రేపు నాకూ చెయ్యి రాదు. జరుగు."

జరిగాడు. కోసేశాను. ఆ ఒక్క పువ్వునూ టీ గ్లాసులో నీళ్లు పోసి పెట్టి ఆయన చేతికిచ్చాను. అలిగిన మనిషి మంచం ఎక్కుతాడనుకున్నాను. చూస్తే గ్లాసు పట్టుకుని వీధిలోకి నడిచాడు. "మేం పెంచిందే, బదనిక కాదండి, ఆర్కిడ్ అంటారు, మీకు తెలియదు" అని ఇంటింటి ముందూ చెబుతున్న గొంతు నాకు పెరట్లోకి వినబడుతూనే ఉంది.

నేను మొక్క దగ్గరే ఉండిపోయాను. ఆకులింకా మడతలోనే ఉన్నాయి. మిగిలిన ఒక్క వేరు కొస పచ్చగా, తడిగా ఉంది. ముట్టుకుని చూద్దామని వేలు చాపాను. మళ్లీ వద్దులే అనుకుని చెంబులో నీళ్లు దోసిట్లోకి తీసుకుని చిలకరించాను.