గుమ్మానికి అడ్డ చెక్క

టకటక మేస్త్రి ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, నేలను పలకరిస్తాడు. చెప్పులు విడిచీ విడవకముందే వంగి, వేలి కణుపుతో నాలుగు టైళ్ళ మీద టకటకా కొట్టి చూస్తాడు. గట్టిగా పలికిందా, సరే. డొల్లగా పలికిందా, ఇక ఆ ఇంట్లో ఇచ్చిన టీ కూడా ఆయనకు గొంతు దిగదు. "ఎవడండీ వేసింది దీన్ని? కింద మాలు లేదు, గాలుంది. ఏడాది తిరక్కుండా పగులుతుంది, రాసిపెట్టుకోండి" అనేస్తాడు. పరామర్శకు వెళ్ళిన చోట కూడా ఇదే వరస. ఆ పేరు అలా వచ్చిందే. అమ్మానాన్నా పెట్టిన పేరేమిటని అడిగితే ఆయనే ఒక్క క్షణం ఆలోచించుకోవాలి.

ఆయనకు ఇంకో పట్టింపు ఉంది. టైళ్ళు పరవడం అయిపోగానే గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క పెడతాడు, అటు రెండు ఇటుకలు, ఇటు రెండు ఇటుకలు పేర్చి వాటి మీద. ఒక రోజు గడిచేదాకా ఆ చెక్క దాటి లోపల అడుగు పెట్టడానికి వీల్లేదు. ఇల్లు ఎవరిదైనా సరే. ఒకసారి ఇంటాయన, తాళాల గుత్తి లోపల కిటికీ మీద మర్చిపోయానయ్యా అని బతిమాలితే, "రేపు తీసుకోండి, తాళాలకు కాళ్ళు లేవు కదా" అన్నాడు. పాపం ఆ పెద్దమనిషి తన కొత్త ఇల్లు తన ముందే ఉండగా అన్నగారింటికి పోయి తలదాచుకున్నాడు.

ఆ చెక్కను మోసుకొచ్చి పెట్టేది మేస్త్రి భార్య. సిమెంటూ ఇసుకా కలిపి మాలు చేసేదీ ఆవిడే, టైళ్ళు తడిపి అందించేదీ ఆవిడే. ఆయన పరుచుకుంటూ వెనక్కి జరిగిపోతే, మర్నాడు ఆ నేలంతా మోకాళ్ళ మీద పాకుతూ జాయింట్లలో తెల్ల సిమెంటు నింపి, గుడ్డతో తుడిచి, అద్దంలా చేసి వచ్చేదీ ఆవిడే. ఆయనకున్నట్టు ఆవిడకు మారుపేరేమీ లేదు. మేస్త్రి గారావిడ అంటారు, అంతే.

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇద్దరూ ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు నేలలు వేశారో లెక్కలేదు. వాళ్ళ వంటగదిలో మాత్రం ఇప్పటికీ గచ్చే. దీపం కిందే చీకటంటారు, ఊరికే అనలేదు. అరవై చిల్లర టైళ్ళు, రకానికి నాలుగు చొప్పున, పనుల్లో మిగిలినవి మెట్ల కింద పేర్చి ఉన్నాయి. "ఈ పని అవనీ, వేసేద్దాం" అని ఆయన అనని ఏడాది లేదు. ఆవిడ నమ్మని ఏడాదీ లేదు.

అలాంటిది, ఒకరోజు పని మధ్యలో మేస్త్రి కుడి మోకాలు లేవనంది. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, చివరికి భార్య భుజం పట్టుకుని లేచాడు. వారం తిరిగేసరికి మెట్లెక్కడమే గగనమైపోయింది. మోకాలు వంగకపోతే టైళ్ళ పని లేదు. ఆ పని తప్ప ఆయనకు ఇంకో పని రాదు. అన్నిటికంటే, ఆ మెట్ల కింద టైళ్ళు అలాగే ఉండిపోతాయేమోనన్న భయం ఆయన్ను పట్టుకుంది. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, పడుకున్నా అదే, లేచినా అదే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫొటో తీయించి చూసింది. "ఆపరేషన్ దాకా రాలేదు మేస్త్రి గారూ. మీ రక్తమే కాస్త తీసి, మిషన్లో తిప్పి, అందులో గాయాల్ని మాన్పే భాగం వేరుచేసి మోకాల్లోకి ఎక్కిస్తాం."

"నా రక్తం నాకే ఎక్కిస్తారా? దానికి ఇంత దూరం రావాలా?"

"రావాలి. ఇంకో మాట, అరిగింది మళ్ళీ మొలుస్తుందని నేను చెప్పను. నొప్పి తగ్గొచ్చు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చేయదు."

ఆ మాటతో మేస్త్రికి డాక్టరమ్మ మీద గురి కుదిరింది. గొప్పలు చెప్పేవాళ్ళంటే ఆయనకు మొదట్నుంచీ గిట్టదు.

రక్తం తీశారు. పక్కగదిలో మిషను గిర్రున తిరిగి ఆగింది. ఎర్రటి రక్తం పైన లేత పసుపు రంగు నీరు తేలిన గొట్టం పట్టుకుని నర్సు ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. మంచం మీద పడుకున్న మేస్త్రి ఉలిక్కిపడి తలెత్తాడు.

"నొప్పిగా ఉందా? ఇంకా పొడవనే లేదే!" అంది డాక్టరమ్మ.

"నొప్పి కాదండీ. తలుపు దగ్గర్నుంచి మూడోది, గోడవైపు. ఆ టైలు డొల్ల. చక్రం ఎక్కినప్పుడు వినలేదా?"

సూది చేతిలో పట్టుకుని డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. మేస్త్రి భార్య నెత్తి కొట్టుకుంది.

సూది పని అయ్యాక డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. మూడు నాలుగు రోజులు నొప్పి పెరుగుతుంది, భయపడొద్దు. పాత నొప్పి మాత్రలు వేసుకోవద్దు, అవి ఈ మందు పనికి అడ్డం. ఆరు వారాలు మోకాళ్ళ మీద కూర్చోకూడదు. "నొప్పి తగ్గింది కదా అని పనిలోకి దిగొద్దు. మీరు టైళ్ళు వేసిన సాయంత్రమే ఎవరైనా తొక్కితే ఏం చేస్తారు?"

"కాళ్ళు విరగ్గొడతాను."

"ఇదీ అంతే అనుకోండి."

ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? మేస్త్రి బుద్ధిగా తలూపాడు. నాలుగు రోజులు బుద్ధిగానే ఉన్నాడు కూడా, మంచం మీద మూలుగుతూ. ఐదో రోజు పొద్దున లేచేసరికి నొప్పి సగానికి సగం దిగిపోయింది. భార్య అప్పటికే వేరే మేస్త్రి దగ్గర జాయింట్ల పనికి వెళ్ళిపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మెట్ల కింద టైళ్ళు కనబడుతున్నాయి.

'ఆవిడ వచ్చేసరికి వంటగది మెరిసిపోవాలి. నోట మాట రాకూడదు దానికి' అనుకున్నాడు. పెళ్ళికొడుకులా హుషారొచ్చేసింది మనిషికి. పొయ్యీ గిన్నెలూ బయట పెట్టాడు. మాలు కలిపాడు. గోనెసంచి మడిచి మోకాలి కింద వేసుకుని వెనక గోడ దగ్గర మొదలుపెట్టాడు.

సగం నేల అయ్యేసరికి మోకాలు బిగుసుకుపోయింది. లేవబోతే కళ్ళ ముందు చీకట్లు. పట్టుకోవడానికి భుజం లేదు. మధ్యాహ్నం భార్య ఇంటికొచ్చేసరికి, టకటక మేస్త్రి తడి టైళ్ళకూ గుమ్మానికీ మధ్య, కాలు చాపుకుని, తప్పు చేసిన పిల్లాడిలా కూలబడి ఉన్నాడు. మోకాలు గుమ్మడికాయంత వాచింది.

"ఓరి దేవుడో! ఏం పనయ్యా ఇది?" ఆవిడ చేతిలో సంచీ కింద పడేసింది. "ఊళ్ళో వాళ్ళ కాళ్ళు విరగ్గొడతానంటావే, ఇప్పుడు నీ కాలు ఎవరు విరగ్గొట్టాలి? శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ వ్యవహారం!"

ఆవిడ ఆయన చంకల కింద చేతులు వేసి ఈడ్చి బయట స్టూలు మీద కూలేసింది. మంచుగడ్డ గుడ్డలో చుట్టి మోకాలి మీద పెట్టింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, ఇటుకలూ చెక్కా తెచ్చి, వంటగది గుమ్మానికి అడ్డంగా పెట్టింది.

"ఇది దాటావో, మర్యాద దక్కదు."

"మరి మాలు కలిపేశానే. గంటలో గట్టిపడుతుంది."

"నా చేతులేమైనా పడిపోయాయా?" అని ఆవిడ చెక్క దాటి లోపలికెళ్ళి, గోనెసంచి లాక్కుని మోకాళ్ళ మీద కూర్చుంది.

ముప్ఫై ఏళ్ళలో ఆయన ఎప్పుడూ ముందే ఉన్నాడు, ఆవిడ ఎప్పుడూ వెనకే. ఆవిడ పని చేస్తుంటే కూర్చుని చూడడం ఇదే మొదటిసారి. తాపీతో మాలు పరిచే తీరు అచ్చం తనదే. ఒక్కో టైలూ పెట్టి, రబ్బరు సుత్తితో సర్ది, వెనక్కి జరుగుతోంది. జరిగిన ప్రతిసారీ ఎడమ చెయ్యి నేలకు ఆనించి, పెదవి కొరికి, ముందు ఒక మోకాలు, ఆగి, తర్వాత రెండోది. గుమ్మంలోకి జరిగి ఆఖరి టైలు పెట్టి లేవబోయి, అడ్డంగా ఉన్న చెక్కను పట్టుకుంది. లేవలేక మళ్ళీ కూర్చుంది. అప్పుడు పైకొచ్చిన మూలుగు ఆయనకు బాగా తెలుసు. అది తన మూలుగే.

"నీకెప్పట్నుంచే?"

"ఏది?"

"మోకాళ్ళ నొప్పి."

"నీకెప్పట్నుంచో అప్పట్నుంచే. ఇద్దరం పాకింది ఒక నేల మీదే కదయ్యా!" చెమట తుడుచుకుంటూ ఆవిడ తేలిగ్గానే అంది.

మేస్త్రికి నోట మాట రాలేదు. చక్రం చప్పుడుకే ఆసుపత్రి టైలు డొల్ల అని పట్టేసిన మనిషి. పక్కనే ఇన్నేళ్ళు పాకిన మనిషి ఎలా లేస్తోందో ఒక్కసారీ వినలేదు. సిగ్గుతో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భుజం అందించాడు. ఆవిడ పట్టుకుని లేచింది.

"చెప్పొచ్చుగా?"

"ఇద్దరం మంచమెక్కితే టీ ఎవరు పెడతారు?"

ఆరు వారాలూ మేస్త్రి స్టూలు దిగలేదు. వాపు తగ్గింది, నొప్పి కూడా చాలావరకు నెమ్మదించింది. చెప్పిన రోజుకి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. "ఎలా ఉంది మేస్త్రి గారూ?" అని డాక్టరమ్మ అడగ్గానే, "నా సంగతి తర్వాత. ముందు ఈవిడ మోకాళ్ళు చూడండి" అన్నాడు. వద్దు వద్దంటున్నా మంచం ఎక్కించాడు. ఫొటోలో ఆవిడ మోకాళ్ళు ఆయనవాటికంటే ఎక్కువ అరిగాయి. డాక్టరమ్మ ఆవిడకూ అదే మాట చెప్పింది: పోయింది తిరిగి రాదు, నొప్పి తగ్గుతుందేమో చూద్దాం. ఆయనకు మాత్రం, ఇకమీద రోజంతా మోకాళ్ళ మీద పని కుదరదంది. ఆరు వారాల కిందటైతే ఆ మాటకు ప్రాణం పోయేది. ఇప్పుడు "సరేనమ్మా" అన్నాడు.

ఆవిడకు సూది వేయించి ఇంటికి తెచ్చాక, మేస్త్రి చేసిన మొదటి పని, వంటగది గుమ్మానికి చెక్క అడ్డం పెట్టడం. ఈసారి తను లోపలున్నాడు, ఆవిడ బయట స్టూలు మీద.

"టీలో పంచదార ఎక్కడుందో నీకు తెలుసా అసలు?"

"వెతుక్కుంటాను. నువ్వు కదిలావో, మర్యాద దక్కదు."

వెతుకుతూ అటూ ఇటూ తిరుగుతుంటే అలవాటు ఊరుకుంటుందా? మూలనున్న తాపీ అందుకుని, దాని పిడితో నేల మీద టకటకా కొట్టుకుంటూ పోయాడు. ఆవిడ వేసిన సగంలో ప్రతి టైలూ గట్టిగా పలికింది. గోడవైపు తను వేసిన వాటిలో, పొయ్యి ముందర ఒకటి డొల్ల. మళ్ళీ కొట్టాడు. డొల్లే.

"విన్నాన్లే" అంది ఆవిడ బయట నుంచి.

"రేపే పీకి మళ్ళీ వేయిస్తానే. మనవాళ్ళలో ఎవణ్ణో ఒకణ్ణి పిలుస్తాను."

"ఎవడూ వద్దు. ఉండనీ దాన్ని. నా వంటగదిలో నువ్వు వేసినవి ఆ సగమే కదా."

పరాయి ఇంట్లో డొల్ల టైలు చూస్తే టీ దిగని మనిషి, ఆ రోజు ఆ టైలు మీదే నిలబడి టీ కాచి, చెక్క పైనుంచి ఆవిడకు గ్లాసు అందించి, తనూ తాగాడు.