వదిన ముట్టుకుంటే ఆగిపోయే కంప్యూటర్

ఐదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ ఇంకేదో చెప్పి మూసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా కూర్చుంటే ఇదీ చెప్పలేను.

నేను దొంగతనం చేయలేదు. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. వింటే మీరు నవ్వవచ్చు కూడా, ఇంతేనా అని. కానీ ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసేశాను. దాన్ని ఏ నేరం అంటారు?

మాది పాల్వంచ. ఇంట్లో అమ్మ, అన్న, వదిన, వాళ్ల పాప, నేను. అన్నకు షిఫ్టు డ్యూటీ. నేను డిప్లొమా మధ్యలో వదిలేసి బజారులో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పనికి కుదిరాను. చదువు వదిలేసినవాడికి ఇంట్లో ఎంత విలువ ఉంటుందో మీకు తెలిసిందే. నాకు మర్యాద దక్కింది ఒక్క విషయంలోనే. హాల్లో కిటికీ పక్కన ఉన్న పాత కంప్యూటర్‌కు ఏమైనా అయితే అందరూ నా మొహం వైపు చూసేవారు. అన్న కూడా.

వదినది దుమ్ముగూడెం అవతల గోదావరి ఒడ్డు ఊరు. వాళ్ల ఇంట్లో బీఈడీ దాకా చదివింది ఆమె ఒక్కతే. మా దగ్గరే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. కరోనాకు బడులు మూసేసినప్పుడు క్లాసులు ఇంటి నుంచే చెప్పమన్నారు. హాస్టల్ పిల్లలు అప్పటికే వాళ్ల ఊళ్లకు వెళ్లిపోయారు. ఎక్కువమందివి అడవి వైపు ఊళ్లు. సిగ్నల్ కోసం ఊరి బయట గట్టు మీద కూర్చుని, ఒక్క ఫోన్‌లో ముగ్గురు తలలు పెట్టి వినేవారు. వదిన చీర మార్చుకుని, తల దువ్వుకుని, నిజంగా బడికి వెళ్తున్నట్టే ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది. మొదటి పదిహేను రోజులు ఆమె గొంతు విని అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడేది.

తర్వాత కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది.

ముందు సూచన ఏమీ ఉండదు. క్లాసు మొదలైన ఇరవై నిమిషాలకు టప్పున ఆరిపోతుంది. వెంటనే వేస్తే లేస్తుంది, ఐదు నిమిషాలకే మళ్లీ పడిపోతుంది. వదిన నల్లటి తెర వైపు చూస్తూ, "పిల్లలూ, వినవడుతుందా?" అని అడిగేది. ఎవరు వింటారు? మళ్లీ వచ్చేసరికి గట్టు మీది పిల్లలు లేచి వెళ్లిపోయేవారు.

నేను చూస్తానన్నాను. నిజంగానే చూశాను, అది మాత్రం నమ్మండి. మొదటి రోజు స్విచ్ బోర్డు మార్చి చూశాను. రెండో రోజు యూపీఎస్ తీసి నేరుగా కరెంటుకు పెట్టాను. మెమరీ ముక్క తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. ఏదీ పనిచేయలేదు. మూడో రోజు పక్క మూత విప్పి లోపల వేలు పెట్టాను. చుర్రుమంది.

ప్రాసెసర్ మీద వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మ ఒకటి ఉంటుంది, దాని మీద చిన్న ఫ్యాన్. ఆ రెండింటినీ కలిపి నాలుగు ప్లాస్టిక్ కాళ్లతో బోర్డుకు నొక్కి బిగిస్తారు. మా దాంట్లో ఒక కాలు విరిగి ఉంది. ఆ మూల దిమ్మ రోజురోజుకీ కొంచెం కొంచెంగా లేచిపోయింది. వేడి పోయే దారి లేదు. కాలిపోకుండా కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతోంది.

ఆ కాలు విరిచింది నేనే. నెల కిందట దుమ్ము దులపడానికి విప్పి, మళ్లీ బిగించేటప్పుడు గట్టిగా నొక్కాను. టక్‌మని వినిపించింది. వినిపించలేదని నాకు నేను చెప్పుకున్నాను. మూడు కాళ్లు చాలులే అనుకుని మూత పెట్టేశాను.

మూత చేతిలో పట్టుకుని ఉన్నాను. అన్న డ్యూటీ దిగి వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏందిరా, మూడు దినాలాయె, ఇంకెప్పుడు చేస్తవ్? నీ పనితనం గింతేనా?" అన్నాడు. అమ్మ చూస్తోంది. అప్పుడు వదిన అడిగింది, నెమ్మదిగా, భయపడుతూ.

"మరిదీ, నేనేమన్న తప్పు ఒత్తుతున్ననా?"

ఆమె ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఏం చెప్పేవాడిని? ఎన్నిసార్లు ఆలోచించానో. కరెంటు మీదకో, ఎండల మీదకో నెట్టేవాడిని కావచ్చు. కానీ ఆమె తన తప్పును తనే నా చేతికి అందించింది. నేను తీసుకున్నాను.

"అవ్ వదినా. నువ్వే ఏదో ఒత్తుతున్నవ్. గందుకే బందైతుంది."

"ఏది ఒత్తొద్దో చెప్పు, రాసుకుంట" అంది. కోపం లేదు. అనుమానం లేదు. పిల్లల నోటుపుస్తకం ఒకటి తెచ్చుకుని పెన్ను తెరిచి కూర్చుంది. నేను చెప్పాను. తెర మీద రెండు విండోలు ఒకేసారి తెరవద్దు. మౌస్ గబగబా నొక్కవద్దు. ఒక మీట వదిలాకే ఇంకో మీట ముట్టుకో. అన్నీ అప్పటికప్పుడు నోటికొచ్చినవి. ఆమె అన్నీ ఒకటి, రెండు అని అంకెలు వేసి రాసుకుంది. లెక్కల టీచరు కదా.

మర్నాటి నుంచి ఆమె ఆ మీటలను కాలే పెనం మీద వేలు పెట్టినట్టు ముట్టుకునేది. కంప్యూటర్ మాత్రం ఇరవై నిమిషాలకే ఆగేది.

మీరు అడుగుతారు, సన్నటి తీగతో ఆ మూల కట్టేస్తే పోయేది కదా అని. పోయేది. పది నిమిషాల పని. షాపులో అలా ఎన్నో కట్టాను. మరి ఎందుకు కట్టలేదు? షాపులు మూసి ఉన్నాయి, ఫ్యాన్ దొరకదు, హాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. అది రాయడానికే ఇంత దూరం వచ్చాను. నేను బాగుచేస్తే, వదిన చేతుల్లోనే అది ఆగకుండా నడుస్తుంది. అప్పుడు తప్పు ఆమెది కాదని తేలిపోతుంది. నా మాట నిలబడాలంటే కంప్యూటర్ ఆగిపోతూ ఉండాలి. నేను దాన్ని ఆగిపోనిచ్చాను.

మూడు వారాలు. తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారని బడి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె క్లాసులు ఇంకొకరికి ఇచ్చారు. బడి తెరిచాక కూడా పిలవలేదు. వదిన ఫోన్ పెట్టేసింది. నోటుపుస్తకం తెరిచి, నేను చెప్పినవన్నీ మొదటి నుంచి చదువుకుంది, ఏది మర్చిపోయానా అన్నట్టు.

చర్చి మళ్లీ తెరిచిన మొదటి ఆదివారం, తలనొప్పి అని నేను ఇంట్లో ఉండిపోయాను. వాళ్లు ప్రార్థనలో ఉన్నప్పుడు నాలుగు కాళ్లూ ఉన్న కొత్త ఫ్యాన్ బిగించాను. ఆ రోజు నుంచి కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. పాప బొమ్మలు చూసుకుంది, అన్న పాత సినిమాలు పెట్టుకున్నాడు. "చూసినవా, నువ్వు ముట్టకపోతే ఎంత మంచిగ నడుస్తుందో" అన్నాడు అన్న, నవ్వుతూ. వదిన కూడా నవ్వింది. నా అబద్ధానికి నేనే సాక్ష్యం తయారు చేసి పెట్టాను. ఇంతకన్నా నీచం ఇంకేమైనా ఉందా?

ఇప్పుడు వదిన ఇంట్లో జాకెట్లు కుడుతుంది. బాగానే కుడుతుంది. కుట్టు మిషన్ ఆగితే తనే విప్పి, నూనె వేసి, మళ్లీ బిగిస్తుంది. ఆ చేతులకు యంత్రం తెలియదని ఎవరనగలరు? అయినా ఫోన్‌లో ఒక ఫారం నింపాలన్నా పాపను పిలుస్తుంది. మొన్న దగ్గరలో ఒక బడివాళ్లు లెక్కల టీచరు కావాలని ఇంటికి వచ్చి అడిగారు. హాజరు, మార్కులు అన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాలన్నారు. ఆమె మొహంలో ఒక్క క్షణం కనిపించిన వెలుగు అక్కడే ఆరిపోయింది. "నా చేతికి కంప్యూటర్ అచ్చిరాదండి" అంది. పాప పక్క నుంచి, "అవ్, మా అమ్మ ముట్టుకుంటే పాడైతది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాకిప్పుడు సొంత షాపు ఉంది. ఊరికే ఆగిపోతోందని కంప్యూటర్ పట్టుకొచ్చేవాళ్లు, వచ్చీ రాగానే "నేనే ఏదో చేసిన్నేమో" అంటారు. "మీ తప్పేం లేదు" అంటాను, మూత విప్పకముందే. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆమె ఒక్కదానికి చెప్పలేదు.

ఆ బడివాళ్లు ఇంకా ఎవరినీ తీసుకోలేదని విన్నాను. ఈ రోజు చెబితే సమయం మించిపోలేదు. రెండుసార్లు ఆమె గది గుమ్మం దాకా వెళ్లాను. మిషన్ ఆపి, "ఏంది మరిదీ?" అంది. చాయ్ ఉందా అని అడిగి వచ్చేశాను. ఏమంటుందని భయం? తిడుతుందనా? తిడితే బాగుండు. ఐదేళ్లు ఎందుకు చూస్తూ ఊరుకున్నావని నెమ్మదిగా అడుగుతుందేమోనని భయం. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

వదిన అచ్చయిన కాగితం ఏది దొరికినా వదలదు. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదువుతుంది. ఇది అచ్చయితే ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతికి వస్తుంది. పేర్లు రాయలేదు. రాయకపోయినా సగం చదివేసరికి ఆమెకు తెలిసిపోతుంది. అయినా రాసింది కొట్టేయడం లేదు. ఐదేళ్లలో మొదటిసారి ఈ మాట నా బయట ఉంది, కాగితం మీద.

వదినా, నువ్వు ఏదీ తప్పు ఒత్తలేదు.